చేపల పెట్టెకు మట్టిలో కలిసే నురగ: ఆకివీడు వర్తకునికి గిట్టేనా?

ఆకివీడు: హౌరా లారీ ఎక్కే శీలావతికైనా, హైదరాబాద్ పార్సెల్‌లో వెళ్ళే రొయ్యకైనా దారి పొడవునా కాపలా కాసేది మంచు. ఆ మంచును కాపాడేది పెట్టె. చేప ధర, మంచు దిమ్మ ధర, లారీ కిరాయి ఏరోజుకారోజు పుస్తకంలోకి ఎక్కుతాయి గాని, పెట్టె ఖరీదు మాత్రం ‘ఇతర ఖర్చులు’ అనే పద్దులో కలిసిపోతుంది. ఆ పద్దును కొంచెం విడదీసి చూడవలసిన అవసరం ఇప్పుడు కలుగుతున్నది. థర్మోకోల్‌కు బదులుగా మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌తో నురగ పెట్టెలు చేయడం విదేశాలలో ప్రయోగశాల దాటి ఫ్యాక్టరీకి వచ్చింది. దాని ముడిసరుకును మన దేశంలోనే తయారు చేసే యత్నాలూ మొదలైనాయి. ఈ సరుకు కొల్లేటి ప్రాంతపు వ్యాపారానికి పనికివస్తుందా, వస్తే ఏ లెక్కన కొనాలి అన్నది పరిశీలించదగిన విషయం.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. బొచ్చె, శీలావతి వంటి పెంపుడు చేప టోకున వెళ్ళేది గట్టి ప్లాస్టిక్ ట్రేలలో. ఆ ట్రే మళ్ళీ మళ్ళీ వాడేది. దాని జోలికి ఈ కొత్త సరుకు రానక్కరలేదు. చర్చ అంతా ఒకసారి వెళ్ళి వెనక్కు రాని పెట్టె గురించే. రొయ్యలు, పండుగప్ప, పీతలు చిన్న మొత్తాలలో పార్సెల్ అయ్యేటప్పుడు వాడే తెల్లని థర్మోకోల్ పెట్టె అది. ఊరు చేరాక అది చెత్త. కడిగినా చేప వాసన వదలదు కనుక పాత థర్మోకోల్ కొనేవారు కూడా దానికి ముఖం తిప్పుకుంటారు. వాడకందారు పారవేస్తే మురుగుకాల్వలోనూ, ఇక్కడే మిగిలిపోతే ఉప్పుటేరులోనూ తేలుతుంది.

మరొక అపోహ కూడా తొలగించుకోవాలి. 2022 జూలై 1 నుంచి కేంద్రం అమలుపరచిన నిషేధంలో అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు వగైరా ఉన్నాయి గాని, చేపలు సర్దే థర్మోకోల్ పెట్టె ఆ జాబితాలో లేదు. కాబట్టి ‘రేపటినుంచి పెట్టెలు బంద్’ అని భయపెట్టి కొత్త సరుకు అంటగట్టజూసేవారి మాట నమ్మనక్కరలేదు. అయితే కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చెరువు గట్లు తెగగొట్టడం కూడా ఈ ప్రాంతం చూసింది. సరస్సు విషయంలో ప్రభుత్వపు మాట ఒక్కసారిగా ఎంత దూరం పోగలదో ఇక్కడి వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు. నిషేధం వచ్చిన తరువాత బేరమాడేవానికంటే ముందుగా లెక్క చూసుకున్నవాడికి నష్టం తక్కువ.

గాలిని అమ్మే వ్యాపారం

థర్మోకోల్ పెట్టెలో నూటికి 98 పాళ్ళు గాలే. రెండు పాళ్ళు మాత్రమే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. 1950 ప్రాంతాలలో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ స్టైరోపోర్ అన్న పేరుతో దీనిని లోకానికి ఇచ్చింది. చిన్న చిన్న ప్లాస్టిక్ పూసలలో పెంటేన్ అనే ద్రవాన్ని ఇమిడ్చి ఆవిరి పడితే అవి మరమరాల వలె పొంగుతాయి. పొంగిన పూసలను అచ్చులో పోసి మళ్ళీ ఆవిరి పడితే ఒకదానికొకటి అతుక్కుని పెట్టె అవుతుంది. ఒక్కొక్క పూసలోనూ వేలాది మూతపడ్డ గదులు. వేడిని ఆపేది ఆ గదులలో చిక్కుకున్న గాలి. ప్లాస్టిక్ పని గాలిని కదలకుండా పట్టి ఉంచడం మాత్రమే.

కొత్త సరుకుకు బలం ఇచ్చే సూత్రం కూడా ఇదే. వేడిని ఆపేది గాలి అయినప్పుడు గోడ ఏ ప్లాస్టిక్‌దైనా మంచు నిలవడంలో పెద్ద తేడా ఉండదు. గదులు సన్నగా, మూసుకుని ఉంటే చాలు. చిక్కంతా ఆ గదులను కట్టడంలోనే ఉన్నది.

మట్టిలో కలిసే ప్లాస్టిక్‌లలో నురగకు ఎక్కువగా పరిశీలనకు వచ్చినది పాలీ లాక్టిక్ ఆమ్లం, అంటే వ్యవహారంలో పీఎల్‌ఏ. లాక్టిక్ ఆమ్లమంటే వేరే ఏమీ కాదు, పెరుగుకు పులుపునిచ్చేది. మొక్కజొన్న పిండిని గాని, చెరకు పంచదారను గాని పులియబెట్టి ఆ ఆమ్లం తీసి, దానిని గొలుసులుగా కలిపితే ప్లాస్టిక్ అవుతుంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని బ్లెయిర్ దగ్గర నేచర్‌వర్క్స్ కంపెనీ దీనిని మొక్కజొన్నతో చేస్తున్నది. థాయిలాండ్‌లోని రేయాంగ్‌లో టోటల్‌ఎనర్జీస్ కార్బియన్ ఫ్యాక్టరీ ఏటా 75 వేల టన్నుల సామర్థ్యంతో చెరకు పంచదార నుంచి చేస్తున్నది. మన దేశంలో బలరాంపూర్ చీనీ మిల్స్ వారు ఉత్తరప్రదేశ్‌లో అదే స్థాయి ఫ్యాక్టరీ పెట్టనున్నట్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. కిలో పీఎల్‌ఏకు కిలోన్నర పైచిలుకు పంచదార పడుతుంది కనుక, ఈ ప్లాస్టిక్ ధర రేపు పంచదార బజారుతో పాటు ఊగుతుంది. థర్మోకోల్ ముడిసరుకు ముడిచమురుతో ఊగుతున్నది. దాని మూలమైన స్టైరీన్‌కు మన దేశం చాలాకాలంగా దిగుమతుల మీదే ఆధారపడింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసే దళారీకి ముందు ముందు కొత్త బేరాలు దొరకవచ్చును.

పాకం కుదరకపోతే నురగ లేదు

పీఎల్‌ఏను కరిగించి నురగ చేయబోతే మొదట్లో అందరికీ ఎదురైనది ఒకే ఇబ్బంది. అరిసెలు వండే ఇల్లాలికి ఇది చప్పున అర్థమవుతుంది. పాకం లేతగా ఉంటే బుడగ లేచినంతసేపు పట్టదు, పగిలిపోతుంది. తీగ సాగే పాకమైతే బుడగ గోడ సాగుతుందే గాని తెగదు. పాలీస్టైరీన్ వేడెక్కేకొద్దీ మెల్లగా మెత్తబడుతుంది, సాగడానికి కావలసినంత అదను ఇస్తుంది. పీఎల్‌ఏ గొలుసులు పొడుగ్గా, కొమ్మలు లేకుండా, ఒకదానిమీద ఒకటి జారిపోయేలా ఉంటాయి. కరిగితే లేతపాకమే. పొంగుతున్న బుడగ గోడలు చిరిగి గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి. అలాంటి నురగకు బలం ఉండదు. అంతకంటే చేపల పెట్టెకు ముఖ్యమైనది, తెరుచుకున్న గదిలోకి మంచునీరు దిగుతుంది. నీరు తాగిన గోడ బరువెక్కుతుంది, వేడిని లోపలికి రానిస్తుంది. మంచు తొందరగా పోతుంది.

ఈ పాకం కుదర్చడానికి పట్టిన మార్గాలు మూడు నాలుగు ఉన్నాయి. గొలుసుల చివరలను కలిపి కొమ్మలు వేయించే రసాయనాన్ని పిసరంత చేర్చడం ఒకటి. టాల్కు పొడి కలిపితే బుడగ పుట్టడానికి కోటానుకోట్ల చోట్లు ఏర్పడి, పెద్ద బుడగలకు బదులు చిన్నవి ఎక్కువగా పుడతాయి. ఇంకొకటి కంటికి కానరాని సన్నని పోగులను ప్లాస్టిక్‌లోనే పుట్టించి, మట్టి గోడకు గడ్డి కలిపినట్లు బలం తేవడం. టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ చుల్ పార్క్ బృందం ఈ పోగుల మార్గంలో విశేషంగా పనిచేసింది. ఈ విద్యకు మూలం కొంచెం పాతదే. 1980 దశకం ఆరంభంలో అమెరికాలోని ఎమ్ఐటీలో నామ్ సు అనే ఆచార్యుడు, బుడగలు తగినంత చిన్నవైతే ప్లాస్టిక్ ఆదా చేసినా గట్టిదనం పెద్దగా పోదని చెప్పి సూక్ష్మ నురగలకు దారి తీశాడు.

పొంగించడానికి పెంటేన్‌కు బదులు బొగ్గుపులుసు వాయువు వాడటం ఈ కొత్త నురగలలో మరో విశేషం. 31 డిగ్రీల వేడి, 73 అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాటితే ఆ వాయువు ద్రవమూ కాక ఆవిరీ కాక, ప్లాస్టిక్‌లోకి ఇంకే గుణం పొందుతుంది. ఒత్తిడి ఒక్కసారి వదిలితే సోడాబుడ్డి గోళీ నొక్కినట్లే, లోపలి వాయువంతా బుడగలై పొంగుతుంది. నెదర్లాండ్స్‌లో సిన్‌బ్రా కంపెనీ బయోఫోమ్ అన్న పేరుతోనూ, న్యూజీలాండ్‌లో బయోపాలిమర్ నెట్‌వర్క్ సంస్థ జీలాఫోమ్ అన్న పేరుతోనూ తెచ్చిన పీఎల్‌ఏ పూసల నురగ ఈ వాయువుతో చేసినదే. పొంగిన తరువాత అచ్చు పోసే పద్ధతి ఇంచుమించు థర్మోకోల్ పద్ధతే.

ఇందులో ఆకివీడుకు సంబంధించిన మెలిక ఒకటి ఉన్నది. పొంగిన పెట్టెను దూరం నుంచి తేవడమంటే లారీ కిరాయి కట్టి గాలిని మోయించడమే. అందుకే థర్మోకోల్ పూసలను పెంటేన్‌తో సహా బస్తాలలో తెచ్చి, దగ్గరలో పొంగించుకుంటారు. పీఎల్‌ఏ పూసలో ఇమిడ్చిన బొగ్గుపులుసు వాయువు అలా నిలవదు. మామూలు వేడిలో త్వరగా పారిపోతుంది. చల్లగా ఉంచితే కొంతకాలం ఆగుతుంది. లేదా వాయువు ఎక్కించే పని కూడా పెట్టె పోసే చోటనే జరగాలి. ఏ పక్క చూసినా అచ్చు యంత్రం చెరువుల దగ్గరే ఉండాలి. ఐస్ ఫ్యాక్టరీలున్న ఊరికి చలి కొత్త కాదు గనుక, ఈ చిక్కు మరో ఊరికంటే ఇక్కడివారికే తేలిక.

పిండి నురగ సంగతి

పీఎల్‌ఏ కంటే చవకైన దారి ఒకటి ఉన్నదని కొందరు చెబుతారు. అది స్టార్చి నురగ. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం వ్యాపారం తెలిసినవారికి కర్రపెండలం పిండి గురించి చెప్పనక్కరలేదు. తడి స్టార్చిని వేడిగా ఒత్తిడితో నెట్టి బయటకు వదిలితే అందులోని నీరే ఆవిరై పొంగిస్తుంది. బట్టీలో పేలాలు పేలే తీరు ఇదే. అమెరికాలో 1990 ప్రాంతం నుంచి ఈ పిండి నురగ ముక్కలు గాజు సామాను మధ్య నింపడానికి అమ్ముడవుతున్నాయి. కాని నీరు తగిలితే అవి కరిగిపోతాయి. మంచునీరు కారే చేపల పెట్టెకు ఇది పనికిరాదని వేరే చెప్పాలా! ప్లాస్టిక్ పొరలో కుట్టి అట్టపెట్టె లోపలి అస్తరుగా వేస్తే కొద్దిగంటల ప్రయాణానికి సరిపోవచ్చు. పొర చిరిగితే అంతే సంగతులు.

2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూలకు ప్రవేశపెట్టిన సంచులు చాలామంది చూసే ఉంటారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ హైదరాబాద్ ప్రయోగశాల పరిజ్ఞానంతో వచ్చిన సరుకది. సంచి వేరు, నురగ వేరు. పల్చని పొర లాగడానికి సరిపోయే మెత్తని ప్లాస్టిక్‌తో, పేర్చితే నిలిచే గట్టి పెట్టె రాదు. పీబీఏటీ అనే ఆ జాతి ప్లాస్టిక్ మట్టిలో కలుస్తుంది గాని చాలావరకు పెట్రోలియం నుంచి వచ్చేదే. దీనిని పీఎల్‌ఏలో కొంత కలిపితే పెళుసుదనం తగ్గి పెట్టె మూలలు చిట్లవు. ఎక్కువైతే పెట్టె కుంగుతుంది. ఆ పాలు కుదర్చడంలోనే తయారీదారు నేర్పు కనబడుతుంది.

పెట్టె లెక్క

ఇక అసలు విషయం. పీఎల్‌ఏ కిలో ధర పాలీస్టైరీన్ కంటే ఎక్కువ అన్న ఒక్క మాటతో చాలా బేరాలు అక్కడే ఆగిపోతాయి. కిలో ధర చూసి తీర్పు చెప్పడం ఇక్కడ పొరపాటు. కొనేది కిలోలు కాదు, పెట్టెలు.

బయటి కొలత 60, 40, 30 సెంటీమీటర్లు, గోడ మందం రెండున్నర సెంటీమీటర్లు ఉన్న పెట్టెను తీసుకుందాం. మూతతో కలిపి ఇందులో నురగ 24 లీటర్లు. లీటరు నురగ 25 గ్రాములు తూగితే పెట్టె బరువు 600 గ్రాములు. లెక్క తేలికకు మాత్రమే పాత ముడిసరుకు కిలో 100 రూపాయలు, కొత్తది 200 అనుకుందాం. ఇవి బజారు ధరలు కావు. పాత పెట్టెలో ముడిసరుకు 60 రూపాయలు, కొత్తదానిలో 120. పెట్టెకు 15 కిలోల రొయ్య, 15 కిలోల మంచు పడితే, కిలో రొయ్యకు అదనపు ఖర్చు 4 రూపాయలు.

ఇప్పుడు అదే కొత్త నురగను, బలం చెడకుండా, లీటరుకు 20 గ్రాములకు దించగలిగితే పెట్టె 480 గ్రాములు, ముడిసరుకు 96 రూపాయలు. కిలో రొయ్యకు తేడా 2 రూపాయల 40 పైసలకు దిగింది. ముడిసరుకు ధర 150కి వస్తే పెట్టె 72 రూపాయలు, తేడా కిలోకు 80 పైసలు. రొయ్యల కౌంటు ఒక్క పిసరు అటూ ఇటూ అయితే మారే ధరతో పోలిస్తే ఇది ఏపాటి?

గోడ మందం తగ్గించి ఆదా చేయకూడదా అని అడగవచ్చు. కూడదు. మంచు ఒప్పుకోదు. పై కొలతల పెట్టెను ఒంటరిగా 35 డిగ్రీల ఎండపూట నీడలో ఉంచినా రోజుకు 10 కిలోల పైన మంచు కరుగుతుంది. పక్క పెట్టెలతో పేర్చినప్పుడు ఒకదానికొకటి కాపు గనుక అంత పోదు. గోడ సగం చేస్తే కరిగే మంచు ఇంచుమించు రెట్టింపు. కనుక ఆదా అంతా నురగను తేలిక చేయడంలోనే రావాలి.

తేలికదనానికి ఒక హద్దు ఉన్నది. నురగ బరువు సగం చేస్తే బలం సగం కాదు, సాధారణంగా అంతకంటే కిందికి దిగుతుంది. లారీలో ఏడు వరుసలు పేర్చితే అడుగు పెట్టె మీద 180 కిలోలు. ఆ భారం మోసే గోడల అంచు వైశాల్యం 475 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 380 గ్రాముల చొప్పున. నిలబడి ఉన్న లారీలో ఇది పెద్ద భారం కాదు. గతుకులో చక్రం పడ్డప్పుడు క్షణంపాటు రెట్టింపూ అంతకు మించీ అవుతుంది. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారిలో అలాంటి గతుకులు ఎన్ని! అడుగు పెట్టె మూల చిట్లితే మంచునీరు కారి, సరుకు మెత్తబడి, తరుగు పేరుతో అవతలి వర్తకుడు కోసే మొత్తం ముందు పెట్టెలో మిగిల్చిన పది రూపాయలు ఏ లెక్కలోకీ రావు. సన్నని గదులు, పోగుల బలం అని శాస్త్రజ్ఞులు పడే తంటాలన్నీ లీటరుకు ఆ 5 గ్రాములు తగ్గించడానికే.

వేడి, నిల్వ, చీటీ

పీఎల్‌ఏకు ఒక బలహీనత ఉన్నది. 55, 60 డిగ్రీల మధ్య అది మెత్తబడుతుంది. పాలీస్టైరీన్ అయితే అంతకు 30, 40 డిగ్రీల పైదాకా ఓర్చుకుంటుంది. నిండు పెట్టెకు ఈ భయం తక్కువ, లోపల మంచు ఉంటుంది. ఆపద ఖాళీ పెట్టెలకే. మే నెలలో రేకుల షెడ్డు కింద, రేకుకు ఆనుకునేలా పేర్చిన పై వరుస వంకరపోతే మూత పట్టదు. ఎండలో నిలిపిన మూసిన లారీలోనూ అంతే. పైగా వేడీ తేమా కలిస్తే నెలల తరబడిలో ఈ ప్లాస్టిక్ గొలుసులు తెగి పెళుసవుతాయి. చవకగా దొరికిందని ఏడాదికి సరిపడా థర్మోకోల్ పెట్టెలు గోదాములో వేసినట్లు వీటిని వేయడానికి లేదు. ముందు వచ్చినది ముందు వాడాలి. దీనివలన పెట్టుబడి తక్కువ నిలుస్తుంది గాని, సీజను మధ్యలో సరఫరా ఆగితే చేతిలో నిల్వ ఉండదు. వర్తకులు బేరంలో రాయించుకోవలసిన షరతు ఇదే.

‘మట్టిలో కలుస్తుంది’ అన్న మాటకు కూడా అర్థం తెలుసుకోవాలి. ఉప్పుటేరులో విసిరిన పీఎల్‌ఏ పెట్టె వచ్చే వర్షాకాలానికి మాయం కాదు. చల్లని నీటిలో అది ఏళ్ళ తరబడి ఉంటుంది. ఐఎస్ 17088 ప్రమాణం ప్రకారం 58 డిగ్రీల కంపోస్టు వేడిలో 180 రోజులలో నూటికి 90 పాళ్ళు కర్బనం వాయువుగా మారాలి. అంత వేడి పెద్ద ఎరువు కుప్పలోనే పుడుతుంది. చేప పేగులు, పొలుసులు, రొయ్య తలలకు వరి ఊక, గడ్డి కలిపి కుప్ప పెడితే ఆ వేడి అందుకోవడం కష్టం కాదు. చేప వాసన పట్టిన పెట్టెను కడగకుండానే నలగ్గొట్టి అందులో వేయవచ్చు. థర్మోకోల్‌కు లేని సదుపాయం ఇది. కాని ఆ కుప్ప ఉండవలసినది పెట్టె ఖాళీ అయ్యే చోట, అంటే అవతలి బజారులో. అక్కడ అటువంటి ఏర్పాటు చేసే కొనుగోలుదారుతోనే ఈ పెట్టెకు పూర్తి విలువ.

మామూలు ప్లాస్టిక్‌లో ఏదో పొడి కలిపి ‘బయో’ అని ముద్రవేసిన సరుకు కూడా బజారులో తిరుగుతుంది. అది ముక్కలై కంటికి కనబడకుండా పోవడమే గాని మట్టి కావడం కాదు. 2024 మార్చి సవరణతో, సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలు మిగిల్చే సరుకును జీవ విచ్ఛిన్న ప్లాస్టిక్‌గా చెప్పుకోవడానికి వీలు లేకుండా చేశారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబరు బిల్లు మీద వేయించుకుని, పెట్టె మీది ముద్రతో సరిచూసుకోవాలి. దళారీ మాట మీద కొన్న సరుకుకు రేపు జవాబు చెప్పుకోవలసినది వర్తకుడే.

మాదిరి చూడదలచినవారు గదిలో కూర్చుని పెట్టెను నొక్కి చూస్తే తెలిసేది తక్కువ. ఒకే లారీలో అడుగు వరుసన సగం థర్మోకోల్ పెట్టెలు, సగం కొత్తవి వేసి, రెండింటిలోనూ ఒకే తూకపు రొయ్య, ఒకే తూకపు మంచు పోయించి పంపాలి. దించే చోట మిగిలిన మంచును రెంటికీ విడివిడిగా కాటా వేయించాలి. ఖాళీ చేసిన పెట్టెను తుడిచి తూచితే గోడ ఎంత నీరు తాగిందో తెలుస్తుంది. చిట్లిన మూలలను లెక్కబెట్టించాలి. ఇదంతా ఏప్రిల్, మే నెలలలో ఒకసారి, వానలు పట్టాక మరొకసారి జరగాలి. వేసవి లారీలో అడుగు వరుస నిలబడి, తాగిన నీరు పెట్టెకు 50 గ్రాములు దాటకపోతే, తయారీదారుతో ధర మాట్లాడవచ్చును. అప్పుడైనా మాట్లాడవలసినది పెట్టె ధరే.